శాకుంతలం మొత్తం అరచేతి పుస్తకంలో పడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమ్మగారు సంస్కృతం టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చే ఏడాది ఆవిడకి డెబ్భై నిండుతాయి. ఆవిడకి ప్రాణమైన అభిజ్ఞాన శాకుంతలాన్ని అరచేతిలో ఇమిడే పుస్తకంగా మీ చేత్తో మీరే చేసి ఇవ్వాలని ఉంది. నాటకం మొత్తం పడుతుందా, ఏ సైజు తీసుకోవాలి, ఏ కాగితం వాడాలి, బొమ్మలు ఎలా వెయ్యాలి?

సూటిగా చెప్తాను. పడుతుంది, కానీ పట్టించకండి. నాలుగో అంకంలోంచి నాలుగు శ్లోకాలో, లేదా నాటకంలో ఒక్క సంఘటనో తీసుకోండి. ఏ4 కాగితాన్ని పదహారో వంతుకి తెస్తే వచ్చే సైజు, అంటే సుమారు 52 × 74 మి.మీ., మీకు సరిపోతుంది. 32 పేజీలు దాటించకండి. అక్షరం 9 పాయింట్లకు తగ్గకూడదు. డెబ్భై ఏళ్ల కళ్లు చదవాల్సిన పుస్తకం అది.

ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే మొదట్లో నేనూ మొత్తం నాటకమే పట్టించాలనుకున్నాను. మాది బైండింగ్ షాపు. స్కూలు రిజిస్టర్లు, లాయర్ల పుస్తకాలు కుడుతూ పెరిగాను. సొంతంగా చిన్న పుస్తకాలు చెయ్యడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. అందులో మొదటి పెద్ద పని శాకుంతలమే. 6 పాయింట్ల అక్షరాలతో, 340 పేజీల్లో, ఏడంకాలూ పెట్టాను. మూడు నెలలు పట్టింది. తీసుకెళ్లి నాకు చదువు చెప్పిన మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం తెచ్చుకుని రెండు పేజీలు చదివారు. తర్వాత పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, అక్కడినుంచి మిగతాది కంఠతా చెప్పుకుపోయారు. నేను చేసిన పుస్తకం ఆయన ఒళ్లో మూసే ఉంది. ఆ సాయంత్రమే నాకు అర్థమైంది: నాటకం ఆయన నోట్లో ఉంది. పుస్తకం చెయ్యాల్సిన పని వేరే. అమ్మగారికి కూడా ఈ నాటకం నోటికొచ్చే ఉంటుంది కదా.

ఇక లెక్క చూద్దాం. 50 × 70 మి.మీ. పేజీలో చుట్టూ మార్జిన్లు పోగా అక్షరాలకు మిగిలేది దాదాపు 38 × 54 మి.మీ. 7 పాయింట్ల తెలుగు అక్షరం వేస్తే వరుసకు నాలుగు మాటలు, పేజీకి పదమూడు పద్నాలుగు వరుసలు. అంటే యాభై మాటలు. శాకుంతలంలో శ్లోకాలే సుమారు రెండు వందలు. వచనంతో కలిపి తెలుగులో పదిహేను వేల మాటలనుకున్నా 300 పేజీలు కావాలి. మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) కాగితం ఆకు ఒక్కొక్కటి పదో వంతు మిల్లీమీటరు మందం. 150 ఆకులంటే 15 మి.మీ. కుట్టులో దారం లావుతో మరికాస్త. 50 మి.మీ. వెడల్పున్న పుస్తకానికి ఆ మందం ఉంటే ఇటుక ముక్కలా అవుతుంది. తెరిస్తే తెరుచుకోదు, బలంగా తెరిస్తే వీపు పగులుతుంది. నాది పగిలింది కూడా.

తెలుగు అక్షరం విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లీషు చిన్న పుస్తకాల ఫోటోలు చూసి మనం కూడా 4, 5 పాయింట్లలో వెయ్యవచ్చనుకుంటాం. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి. మనకి పైన గుడులూ కొమ్ములూ, కింద ఒత్తులు. ఒక వరుస ఒత్తు కింది వరుస గుడిలోకి దిగకుండా ఉండాలంటే వరుసల మధ్య ఎడం, అంటే ఒక వరుస మొదలు నుంచి కింది వరుస మొదలు దాకా, అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు కావాలి. 9 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల ఎడం పెట్టండి. ఇంకోటి, అక్షరం చిన్నదయ్యే కొద్దీ మొదట చచ్చిపోయేవి ద, ధ, థ ల మధ్య తేడా చూపే గీతా చుక్కా. 6 పాయింట్లలో ‘కథ’ అని వేసినా ‘కద’ అని చదివిస్తుంది. శాకుంతలంలాంటి సంస్కృత పాఠం నిండా ఈ అక్షరాలే. సంస్కృతం టీచరు చేతిలో ధ కి ద కనిపించే పుస్తకం పెట్టలేం కదండీ.

మొత్తం రచనని బుల్లి పుస్తకాల్లో పెట్టినవాళ్లు లేకపోలేదు. 1820లలో లండన్‌లో విలియం పికరింగ్ షేక్స్‌పియర్ నాటకాలని తొమ్మిది చిన్న సంపుటాలుగా వేశాడు. వాడింది డైమండ్ అనే టైపు, సుమారు నాలుగున్నర పాయింట్లు. 1904లో గ్లాస్గోకి చెందిన డేవిడ్ బ్రైస్ అదే షేక్స్‌పియర్‌ని 40 సంపుటాలు చేసి, ఎలెన్ టెర్రీ అనే గొప్ప రంగస్థల నటికి అంకితమిచ్చాడు. ఒక్కో పుస్తకం ఎత్తు సుమారు 5 సెం.మీ. వాటికి తగ్గ బుల్లి తిరుగుడు బీరువా కూడా అమ్మారు. ఇదే బ్రైస్ వేరే బుల్లి పుస్తకాలని భూతద్దం బిగించిన లోహపు లాకెట్లలో పెట్టి అమ్మేవాడు. పుస్తకాన్ని చదవడానికి భూతద్దం కూడా ఇవ్వాల్సి వచ్చిందంటే అది చదువుకునే వస్తువుగా ఎంతవరకు మిగిలిందో ఆలోచించండి. నేను వాటిని తక్కువ చెయ్యడం లేదు. ఆ పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. బ్రైస్ కూడా ఒక్కో నాటకానికి ఒక్కో పుస్తకం ఇచ్చాడు గానీ అన్నీ ఒక దాంట్లో కుక్కలేదు. అది గమనించాలి.

ఎలెన్ టెర్రీ పేరు ఎత్తాను కాబట్టి ఆవిడ కొడుకు గురించీ చెప్పాలి. ఎడ్వర్డ్ గోర్డన్ క్రెగ్. రంగస్థల రూపశిల్పి. మాస్కోలో రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీతో కలిసి షేక్స్‌పియర్ నాటకం హామ్లెట్ ప్రదర్శనకి రూపకల్పన చేసినవాడు. స్టేజి మీద పాత్రలు ఎక్కడెక్కడ నిలబడాలో చూసుకోవడానికి పల్చటి చెక్కల్లోంచి మనుషుల ఆకారాలు కోసేవాడు. ఆ చెక్కబొమ్మలకే సిరా పూసి కాగితం మీద అద్దితే నల్లటి నీడలు వచ్చాయి. జర్మనీలోని వైమార్‌లో హారీ కెస్లర్ నడిపిన క్రానాహ్ ప్రెస్ హామ్లెట్‌ని పుస్తకంగా వేసినప్పుడు బొమ్మలు అలాంటివే. జర్మన్ ప్రతి 1920ల చివర, ఇంగ్లీషు ప్రతి 1930లో వచ్చాయి. అక్షరాలు 1457 నాటి మైంజ్ కీర్తనల గ్రంథంలోని అచ్చుని చూసి ఎడ్వర్డ్ జాన్‌స్టన్ గీసినవి. అది చిన్న పుస్తకం కాదు, చాలా పెద్దది. అయినా మీకు అది చెప్పడం దేనికంటే, ఆ పేజీలో మాటలు ఒక పక్క, నీడ ఒక పక్క నిలబడి ఉంటే పేజీయే స్టేజి అవుతుంది. క్రెగ్ హామ్లెట్ కథకి బొమ్మలు వెయ్యలేదు. నటుడు ఎక్కడ నిలబడ్డాడో, చుట్టూ ఎంత ఖాళీ ఉందో అది వేశాడు. కళాకారుడు చేసిన పుస్తకం అంటే నా లెక్కలో అది. తల్లికి అంకితమిచ్చిన 5 సెం.మీ. షేక్స్‌పియర్ కన్నా, మనం చేసే 7 సెం.మీ. పుస్తకానికి కొడుకు చేసిన ఈ పెద్ద పుస్తకమే మంచి గురువు.

ఏం తీసుకోవాలో మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పిపెట్టారు. అమ్మగారు క్లాసులో వందసార్లు చెప్పి ఉంటారు:

కావ్యేషు నాటకం రమ్యం తత్ర రమ్యా శకుంతలా
తత్రాపి చ చతుర్థోఽంకః తత్ర శ్లోకచతుష్టయమ్

కావ్యాల్లో నాటకం, నాటకాల్లో శాకుంతలం, అందులో నాలుగో అంకం, అందులో నాలుగు శ్లోకాలు. ఈ శ్లోకమే ఒకదాంట్లో ఒకటి ఇమిడే డబ్బాల్లా ఉంది చూడండి. ఆ నాలుగూ ఏవన్న దాంట్లో చిన్న తేడాలున్నా, ఎక్కువమంది చెప్పేవి ఇవి: ‘యాస్యత్యద్య శకుంతలేతి’, ‘పాతుం న ప్రథమం’, ‘శుశ్రూషస్వ గురూన్’, ‘అస్మాన్ సాధు విచింత్య’. కన్నకూతురు కాకపోయినా పెంచిన బిడ్డ వెళ్తుంటే అడవిలో ఉండే నాకే ఇంత దుఃఖమైతే సంసారులకి ఎలా ఉంటుందో అని కణ్వుడు అనడం, మీకు నీళ్లు పొయ్యకుండా తాను గుక్కెడు తాగని పిల్ల ఇవాళ వెళ్తోంది, సెలవివ్వండని చెట్లతో చెప్పడం, పిల్లకి బుద్ధులు చెప్పడం, రాజుకి కబురు పంపడం. నాలుగు శ్లోకాలు, ఒక్కోదానికి నాలుగు పేజీలు. పాదానికో పేజీ. పదహారు పేజీల్లో పాఠం అయిపోతుంది. మిగతా పదహారు పేజీలు బొమ్మలకీ ఖాళీకీ. ఖాళీ పేజీని ఖర్చు అనుకోకండి. నాటకంలో మౌనం ఎంత అవసరమో ఇక్కడ అది అంత.

ఈ నాలుగు శ్లోకాల ఛందస్సు శార్దూలవిక్రీడితం. దాని పాదానికి 19 అక్షరాలు. 9 పాయింట్లలో మీ పేజీ మీద అది ఒక వరుసలో పట్టదు. యతి, అంటే సంస్కృత శ్లోకంలో ఆగే చోటు, పన్నెండో అక్షరం తర్వాత వస్తుంది. అక్కడ విరిచి రెండో వరుసకి దిగండి. అమ్మగారు చదివేటప్పుడు ఊపిరి తీసుకునేదీ అక్కడే. ఎక్కడ జాగా అయిపోతే అక్కడ కంప్యూటరు విరిచేస్తే ఆవిడ కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది.

పుస్తకం రూపం నాటకంలోంచే రావాలి. నేను చేసిన మూడు చెప్తాను. మీకు నచ్చింది తీసుకోండి.

ఒకటి, లేడిపిల్ల దారం. నాలుగో అంకంలో శకుంతల బయల్దేరుతుంటే వెనకనించి ఎవరో చీర చెంగు లాగుతారు. తిరిగి చూస్తే తాను పెంచిన లేడిపిల్ల. దీన్ని బొమ్మగా వెయ్యకుండా చేతికి తెలిసేలా చెయ్యాలనుకున్నాను. ఒక ఆకు చివర పట్టుదారం కట్టి, రెండో కొసని తర్వాతి ఆకు చివర కట్టాను. ఆకు వెడల్పు 50 మి.మీ., దారం పొడవు 80 మి.మీ. ముందు ఆకు తిప్పుతుంటే సగం దాటాక దారం బిగుసుకుని వేలికి లాగినట్టు తెలుస్తుంది. ఇంకా తిప్పితే వెనక ఆకు దానంతటదే లేచి వస్తుంది. దాని మీద లేడిపిల్ల ఉంటుంది. చదివేవాళ్లు శకుంతలలాగే ఆగి వెనక్కి చూస్తారు. దారం మరీ పొట్టిదైతే ఆకు చిరుగుతుంది, 100 మి.మీ. దాటితే అసలు లాగదు. రంధ్రం పెట్టే చోట రెండువైపులా పల్చటి టిష్యూ కాగితం అంటించి ఆరాక పొడవండి. ఏడు ప్రతులు చేస్తే రెండిట్లో ఆకు చిరిగింది. రెండిట్లోనూ నేను ఈ టిష్యూ వెయ్యలేదు.

రెండోది, ఉంగరం మీది పేరు. ఆరో అంకంలో రాజు గుర్తు చేసుకుంటాడు: ఉంగరం తొడిగి, రోజుకో అక్షరం చొప్పున నా పేరు లెక్కపెట్టు, చివరికి వచ్చేసరికి నిన్ను తీసుకెళ్లేవాళ్లు వస్తారు అని తాను చెప్పినట్టు. దు, ష్యం, త. మూడు అక్షరాలు, మూడు రోజులు. ఎవరూ రాలేదు. 40 మి.మీ. గుండ్రటి పేజీలతో మడతల పుస్తకం చేసి ఇత్తడి కుంకుమ భరిణెలో పెట్టాను. మొదటి మూడు పేజీల్లో మూడు అక్షరాలు. తర్వాత ఇరవై పేజీలు ఖాళీ. చివర చేప. కొన్నావిడ భరిణె మూత తీసి, ఖాళీ పేజీలు ఒక్కొక్కటీ మాట్లాడకుండా తిప్పుకుంటూ పోయింది. ఇరవై పేజీలూ తిప్పింది. నాకు పద్దెనిమిదేళ్లలో దొరికిన మంచి మెప్పు అదే. కాకపోతే ఇది పుట్టినరోజు కానుకకి కాస్త బరువేమో. మీరే ఆలోచించుకోండి.

మూడోది, తామరాకు ఉత్తరం. మూడో అంకంలో రాయడానికి సామగ్రి లేదంటే, చిలక పొట్టలా మెత్తగా ఉన్న ఈ తామరాకు మీద గోళ్లతో రాయమంటుంది శకుంతల చెలికత్తె ప్రియంవద. మన తాటాకు మీద గంటంతో గీసే రాతకి ఇది పిన్నికూతురే. తాటాకు మీద గీశాక మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. తామరాకు మీద నలుపు ఉండదు, గోటి నొక్కే ఉంటుంది. అందుకని ఆకుపచ్చ చేతితయారీ కాగితం కింద బ్లాటింగ్ కాగితం పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో నొక్కి రాశాను. ఎదురుగా చూస్తే ఏమీ కనపడదు. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే అక్షరాలు లేస్తాయి. చెయ్యడానికి ఈ మూడింట్లో తేలికైనది ఇదే. మొదటిసారి చేసేవాళ్లకి నేను దీన్నే చెప్తాను. అయితే ఇలా నొక్కిన అక్షరం కనీసం 5 మి.మీ. ఎత్తుండాలి. కాబట్టి పేజీకి రెండు మూడు మాటలే.

ఇక సామాను. కాగితం పోగు వరస గురించి తెలియకపోతే ఏం చేసినా పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది. కాగితంలో పీచు ఒక దిక్కుగా పడి ఉంటుంది. ఆ దిక్కు పుస్తకం వీపుకి సమాంతరంగా ఉండాలి. పెద్ద పుస్తకంలో ఆకు బరువుకే వంగుతుంది, చిన్న ఆకుకి ఆ బరువు లేదు. మామూలు ఏ4 కాపీయర్ కాగితంలో పోగు ఎక్కువగా పొడవు దిక్కునే ఉంటుంది. దాన్ని వెడల్పులో రెండు, పొడవులో నాలుగు భాగాలు చేస్తే ఎనిమిది ముక్కలు. ఒక్కోదాన్ని మధ్యకి మడిస్తే మడత పోగు వెంటే వస్తుంది. చేతితయారీ కాగితంలో పోగుకి దిక్కు అంతగా ఉండదు గానీ మందం ఎక్కువ. పాఠానికి 70 జీఎస్ఎం దాటనివ్వకండి, అట్టకీ బొమ్మకీ మాత్రం చేతితయారీది వాడుకోండి. ముద్రణకి లేజర్ ప్రింటరు చాలు. ఇంక్‌జెట్ సిరా చేతితయారీ కాగితంలో ఇంకి, ఒత్తులు పూడిపోతాయి.

ముక్కలని రెండేసి కలిపి మడిస్తే ఎనిమిది పేజీల కట్ట. అలాంటివి నాలుగు. సన్నటి నూలుదారంతో కుట్టండి. దారం లావైతే వీపు ఉబ్బుతుంది. జిగురు మైదాతో మీరే కాచుకోండి. మా షాపుల్లో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు, నేనూ కలిపేవాడిని. ఇప్పుడు మానేశాను. అందులో ఉండేది రాగి, అది కాగితాన్ని తొందరగా ముదురు చేసి పెళుసుబారుస్తుంది. రిజిస్టరుకైతే పరవాలేదు, అమ్మకిచ్చే పుస్తకానికి వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే చాలు. అట్ట 1 మి.మీ. మించక్కర్లేదు. పై గుడ్డకి కలంకారీ అనుకుంటారు చాలామంది. 7 సెం.మీ. అట్ట మీద కలంకారీ నెమలికి తల ఒక్కటే పడుతుంది. మంగళగిరి నేత సాదా రంగు గుడ్డ, వెనక పల్చటి కాగితం అంటించి వాడండి, చాలా బాగుంటుంది.

బొమ్మలకి రవివర్మ శకుంతలని కుదించి వేద్దామా అని అడిగారు. వద్దంటాను. ఆయన 1906లో పోయారు కాబట్టి హక్కుల ఇబ్బంది లేదు. కానీ కాలికి ముల్లు వంకతో వెనక్కి చూసే ఆ చూపు 5 సెం.మీ. కి కుదిస్తే కనపడదు, క్యాలెండరు ఒక్కటే గుర్తొస్తుంది. నల్ల కాగితంలోంచి కత్తెరతో నీడలు కత్తిరించండి, క్రెగ్ చెక్కలో కోసినట్టు. ఒక చెట్టు, ఒక కమండలం, వంగిన ఒక ముసలి వీపు చాలు. మొహాలు వెయ్యకండి. ఆ మొహాలు ఆవిడ మనసులో ఎప్పటినుంచో ఉన్నాయి.

తెలుగు తాత్పర్యం కూడా పెట్టాలంటే ఒక మాట. కాళిదాసుకి హక్కులు లేవు గానీ అనువాదకుడికి ఉంటాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకు. ఈమధ్య వచ్చిన అనువాదం ఏదీ అడగకుండా తీసుకోకండి. మీరే రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాస్తే ఇంకా మంచిది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఖాళీ కాగితాలతో ఒక డమ్మీ పుస్తకం కుట్టండి. దాన్ని వారం రోజులు మీ బ్యాగులో తిప్పండి. ఎక్కడ నలుగుతోందో, ఏ ఆకు తిరగనంటోందో అదే చెప్తుంది.

ఇంకొక్కటి, ఇంట్లో చూడండి. అమ్మగారి పాత క్లాసు నోట్సు ఏ అటకమీదో ఉంటే, ఆ నాలుగు శ్లోకాలు ఆవిడ చేతిరాతలో ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఫాంటు జోలికే పోవద్దు. స్కాన్ చేసి, సగానికి కుదించి, అదే వెయ్యండి. నోట్సులో రాత పెద్దగానే ఉంటుంది కాబట్టి ఆ కుదింపుకి తట్టుకుంటుంది. దొరికితే ఇక్కడ ఒక పేజీ ఫోటో పెట్టండి, పాదాలు ఎక్కడ విరిస్తే బాగుంటుందో చూసి చెప్తాను.